రాజీనామా ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రజాప్రతినిధుల రాజీనామాల గురించే. కొందరు వ్యక్తిగత వివాదాల గురించి అడిగారు. ఇంకొందరికి సభకు రాని, పని చేయని నాయకుల మీద కోపం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఒక నాయకుడు పరాయి స్త్రీతో ఉన్న దృశ్యాలను టీవీల్లో తిప్పి తిప్పి చూపిస్తున్నారు. మా ఇంట్లో ఒకరు ఆయన దిగిపోవాల్సిందే అంటారు, ఇంకొకరు అది వాళ్ల సొంత విషయం అంటారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, తెనాలి

ఆ దృశ్యాల్లో ఏముందన్నది పక్కన పెట్టి, నాలుగు సంగతులు తేల్చుకోండి.

మొదటిది, ఇద్దరూ పెద్దవాళ్లేనా, ఇద్దరికీ ఇష్టమేనా? 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఐపీసీ 497వ సెక్షన్‌ను కొట్టేశాక వివాహేతర సంబంధం నేరం కాదు. విడాకులకు కారణం కావచ్చు, పదవి పోవడానికి చట్టం ప్రకారం కారణం కాదు. ఇష్టం లేకపోతే మాత్రం అది నేరం. అప్పుడు ముందు ఎఫ్‌ఐఆర్ సంగతి చూడాలి, రాజీనామా సంగతి ఆ తర్వాత.

రెండోది, ఆ వ్యక్తి ఆయన చేతి కింద పనిచేస్తున్నారా, లేక పని కోసం ఆయన గుమ్మం తొక్కారా? పింఛను కోసమో, బదిలీ కోసమో, సిఫార్సు లేఖ కోసమో వచ్చిన మనిషి ‘ఇష్టం’ మామూలు ఇష్టం కాదు. కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మా దృష్టిలో నాలుగింటిలోనూ ఇదే ముఖ్యం, టీవీ చర్చల్లో తక్కువగా వినిపించేది కూడా ఇదే.

మూడోది, ప్రభుత్వ గెస్ట్‌హౌస్, కారు, గన్‌మెన్, పేషీ సిబ్బంది ఇందులోకి వచ్చారా? విషయం బయటికి పొక్కకుండా పోలీసులతో ఎవరినైనా బెదిరించారా?

నాలుగోది, సభలోనో ప్రమాణం చేసో అబద్ధం చెప్పారా? 1963లో బ్రిటన్ యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో ఒక యువతితో తనకు తప్పుడు సంబంధమేమీ లేదని మార్చి 22న కామన్స్ సభలో (అక్కడి దిగువ సభలో) ప్రకటించారు. జూన్ 5న సభకు అబద్ధం చెప్పానని ఒప్పుకుని రాజీనామా చేశారు. ఆ మార్చి ప్రకటనే ఆయనకు మిగతా దారులన్నీ మూసేసింది.

చివరి మూడింటిలో ఒక్కదానికి ‘అవును’ అని రుజువైనా ఆయన దిగిపోవాలి. ఆ తప్పు పదవితో చేసింది కాబట్టి అది సొంత విషయం కాదు. ఒక్కటీ లేకపోతే భార్యకో, కుటుంబానికో, ఓటేసినవాళ్లకో కోపం రావడంలో తప్పు లేదు గానీ, పదవి వదలమనడానికి అది చాలదు.

రాజీనామా లేఖలో చూపే కారణాన్ని కూడా గమనించండి. 2009 డిసెంబరులో ఒక తెలుగు చానల్ ప్రసారం చేసిన దృశ్యాలపై దుమారం రేగినప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ ఆరోపణలను ఖండించారు. 26వ తేదీన రాజీనామా చేస్తూ అనారోగ్యాన్ని కారణంగా చూపారు. ఇలాంటి రాజీనామాతో మనిషి వెళ్లిపోతాడు, కార్యాలయం దుర్వినియోగమైందా లేదా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే రాజీనామాతో పాటు విచారణ కూడా అడగాలి.

వేధింపుకు గురైనవారు ఆ నాయకుడి కార్యాలయంలోనే పనిచేస్తుంటే 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, లేదా పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట, జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి రాసి ఇవ్వాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం చూపితే మరో మూడు నెలలు గడువిస్తారు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. నాయకుడు రాజీనామా చేస్తాడని ఎదురుచూస్తూ చాలామంది ఈ గడువు దాటబెట్టుకుంటారు. అలా చేయవద్దు.

ప్రశ్న: మంత్రి ‘రాజీనామా’ చేశాడని పేపర్లో వేశారు. కానీ ఎమ్మెల్యేగా అలాగే ఉన్నాడు. ఇదేం రాజీనామా? – ఒక పాఠకుడు, కర్నూలు

రెండూ వేర్వేరు పదవులు. మంత్రి పదవి ముఖ్యమంత్రి సలహా మీద గవర్నరు ఇచ్చేది, ఎమ్మెల్యే సీటు ఓటర్లు ఇచ్చేది. మంత్రి తన లేఖను ముఖ్యమంత్రికి ఇస్తారు, అది గవర్నరుకు వెళ్తుంది, ఆమోదం పడితే అయిపోయినట్టే. సీటు వదలాలంటే స్పీకరుకు విడిగా లేఖ రాయాలి.

2012 ఫిబ్రవరిలో కర్ణాటక అసెంబ్లీ నడుస్తుండగా ఫోనులో అశ్లీల దృశ్యాలు చూస్తున్నారని చానళ్ల కెమెరాలు పట్టిన ఘటనలో లక్ష్మణ్ సవది, సి.సి. పాటిల్, కృష్ణ పాలెమార్ మంత్రి పదవులకు రాజీనామా చేశారు. ఎమ్మెల్యేలుగా కొనసాగారు. 2019 ఆగస్టులో సవది ఉపముఖ్యమంత్రి అయ్యారు. జనం ‘అశ్లీలం’ అన్న మాటే పట్టుకున్నారు గానీ, జీతం తీసుకుంటూ సభలో కూర్చున్న వేళ అది జరగడమే అసలు తప్పని మేమంటాం.

2018 అక్టోబరు 17న కేంద్ర సహాయమంత్రి పదవి వదిలిన ఎం.జె. అక్బర్ కూడా రాజ్యసభ సభ్యుడిగా కొనసాగారు. పాత్రికేయ వృత్తిలో ఉన్న కాలం నాటి వేధింపుల ఆరోపణలను ఆయన ఖండించి క్రిమినల్ పరువునష్టం కేసు వేశారు. ఆ కేసులో నిందితురాలిగా ఉన్న పాత్రికేయురాలిని 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు నిర్దోషిగా వదిలిపెట్టింది.

కాబట్టి ‘రాజీనామా’ అన్న వార్త చూడగానే ఏ పదవికి, ఎవరి పేర లేఖ, ఆమోదం పడిందా అన్న మూడూ చూసుకోండి.

ప్రశ్న: మా ఎమ్మెల్యే మీడియా ముందు రాజీనామా పత్రం చూపించారు. నెలలు గడిచినా ఎమ్మెల్యేగానే ఉన్నారు. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

కెమెరా ముందు చూపిన కాగితానికి చట్టంలో విలువ లేదు. రాజ్యాంగంలోని 190(3) అధికరణం ప్రకారం లేఖ స్పీకరుకు చేరాలి, ఆయన ఆమోదించాలి. 1974 నాటి 33వ సవరణ తర్వాత, రాజీనామా స్వచ్ఛందమైనది, నిజమైనది కాదని తోస్తే స్పీకరు తిరస్కరించాలి. ఆమోదం పడేదాకా సభ్యుడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

లేఖ ఎలా ఉండాలో లోక్‌సభ నిబంధనల్లో 240వది చెబుతుంది. ఫలానా తేదీ నుంచి నా స్థానానికి రాజీనామా చేస్తున్నాను, అంతే. కారణాలు, ఆవేదన, డిమాండ్లు చేర్చితే స్పీకరు వాటిని తీసేయవచ్చు, సభలో చదవరు. సభ్యుడే స్వయంగా వచ్చి లేఖ చేతికిచ్చి ఇది నా ఇష్టంతోనే అంటే వెంటనే ఆమోదించవచ్చు. పోస్టులోనో మనిషితోనో పంపితే విచారించి తేల్చుకుంటారు. కాబట్టి పేజీల కొద్దీ ఆవేదనతో, అనుచరుడి చేత పంపిన లేఖ కనిపిస్తే, ఆమోదం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

మీ ఊరిదే ఉదాహరణ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను స్పీకరు 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముందు ఆమోదించారు. 2011లో తెలంగాణ కోసం ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా ఇచ్చిన రాజీనామాలనైతే అప్పటి స్పీకరు నాదెండ్ల మనోహర్ భావోద్వేగంలో ఇచ్చినవంటూ తిరస్కరించారు. స్పీకరు ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు లేకపోవడం పెద్ద లోపం. గడువు పెట్టాలని మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడగండి.

ప్రశ్న: 60 రోజులు అసెంబ్లీకి రాకపోతే సభ్యత్వం పోతుందంటారు. మరి ఎవరిదీ పోవడం లేదేం? – ఒక పాఠకురాలు, ఒంగోలు. ఇదే అర్థంలో మరికొందరు

లెక్క కట్టే పద్ధతి తెలిస్తే కారణం తెలుస్తుంది. 190(4) అధికరణం ప్రకారం సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ గైర్హాజరైతే ఆ స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. పార్లమెంటుకు ఇదే నియమం 101(4)లో ఉంది. సభ ప్రోరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసిన) కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఈ 60లోకి రావు.

ఉదాహరణకు బడ్జెట్ సమావేశాలు మార్చి 1 నుంచి 28 దాకా జరిగి, మధ్యలో శని, ఆదివారాలు మాత్రమే సెలవులైతే మొత్తం 28 రోజులూ లెక్కలోకి వస్తాయి. మధ్యలో పది రోజులు వాయిదా వేస్తే ఆ పది పోయి 18 మిగులుతాయి. తర్వాత వర్షాకాల సమావేశాలు ఐదు రోజులే పెడితే ఐదే కలుస్తాయి. మన అసెంబ్లీలు ఏడాదికి ముప్పై రోజులు కూర్చోవడమే గగనం. ఆ లెక్కన 60 నిండడానికి రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా ఒక్క రోజు హాజరైతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అన్నీ దాటినా సభ ప్రకటించ‘వచ్చు’ అనే ఉంది, ప్రకటించి తీరాలని లేదు. సెలవు చీటీ పెడితే, దాన్ని సభ ఆమోదిస్తే అసలు సమస్యే రాదు.

2014 ఆగస్టులో సచిన్ టెండూల్కర్, రేఖ రాజ్యసభకు రావడం లేదని గొడవైనప్పుడు, 60 రోజుల నియమాన్ని వారు దాటలేదని ఉపాధ్యక్షుడు స్పష్టం చేయాల్సి వచ్చింది. నెలల తరబడి కనిపించకపోయినా లెక్క ప్రకారం రోజులు నిండవు.

మన రాష్ట్రాల్లో ఇది ఏ ఒక్క పార్టీ సమస్యో కాదు. 2017 చివరి నుంచి 2019 ఎన్నికల దాకా వైసీపీ సభను బహిష్కరించింది. 2021 నవంబరు 19న చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి వెళ్లిపోయారు. 2024 ఎన్నికల తర్వాత మళ్లీ వైసీపీ సభకు దూరంగా ఉంది. తెలంగాణలో 2023 ఓటమి తర్వాత కేసీఆర్ సభకు రావడం లేదన్న విమర్శ ఉంది. రిజిస్టరులో సంతకం చేసి సభలో కూర్చోకపోతే హాజరు కిందికి వస్తుందా అన్న వాదన 2025లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో నడిచింది.

ఒక సమావేశాన్ని బహిష్కరించడం నిరసన, దాన్ని ఒప్పుకోవచ్చు. మిగిలిన పదవీకాలమంతా రానని ముందే నిర్ణయించుకున్నవారు, ఏ పార్టీ వారైనా సరే, సీటు వదలాలి. ఆ నియోజకవర్గం తాగునీరు, కాలువ పూడిక, ఆసుపత్రి పోస్టుల మీద సభలో మంత్రి నుంచి రాతపూర్వక జవాబు రాబట్టాల్సింది ముందుగా ఆ సభ్యుడే. పడక గది వీడియో మీద పెట్టే రచ్చలో పదో వంతు దీని మీద పెట్టినా ఊళ్లకు మేలు జరిగేది.

హాజరు వివరాలు కావాలంటే ఎంపీలవి లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. మంత్రులు హాజరు రిజిస్టరులో సంతకం చేయరు, అందుచేత వాళ్ల గడి ఖాళీగా ఉంటే గైర్హాజరని పొరబడకండి. ఎంపీకి నెలకు రూ.1,24,000 జీతం హాజరుతో పని లేకుండా వస్తుంది. సంతకంతో ముడిపడినది రోజుకు రూ.2,500 భత్యం మాత్రమే. ఎమ్మెల్యేల వివరాలకు అసెంబ్లీ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. సమావేశాల వారీగా తేదీలు, సంతకాల పేజీల నకళ్లు, సెలవు చీటీలు, సభ్యుడు వేసిన ప్రశ్నల జాబితా అడగండి. ‘ఎందుకు రాలేదు’ అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు.

ప్రశ్న: రైలు పట్టాలు తప్పితే మంత్రి ఎందుకు రాజీనామా చేయాలి? రైలు నడిపింది ఆయన కాదు కదా? – ఒక విద్యార్థి, కాజీపేట

ఈ సంప్రదాయానికి మూలమైన కథలో మొదటి భాగం మీ రాష్ట్రంలోనే జరిగింది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కముందే, నవంబరులో, తమిళనాడులోని అరియలూరు దగ్గర అలాగే వరదకు వంతెన దెబ్బతిని ఇంకో రైలు పడిపోయింది. అక్కడా వందమందికి పైనే పోయారు. ఈసారి శాస్త్రి పట్టుబట్టారు. తప్పు ఆయనది కాకపోయినా ఒక మంచి ఆనవాయితీ పడాలని నెహ్రూ ఆమోదించారు. 1999లో గైసల్ రైలు ప్రమాదం తర్వాత అప్పటి రైల్వే మంత్రి నీతీశ్ కుమార్ అదే దారిలో నడిచారు.

ప్రతి ప్రమాదానికీ మంత్రి దిగిపోవాలని మేమనం. అలా చేస్తే కింది స్థాయిలో వైరింగు తప్పు చేసినవాళ్లు, తనిఖీ చేయకుండానే సంతకం పెట్టినవాళ్లు మంత్రి చాటున దాక్కుంటారు. చూడాల్సింది ముందే హెచ్చరిక వచ్చిందా, వస్తే ఎవరి బల్ల మీద ఆగిపోయింది అన్నది. 2023 జూన్ 2న ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనులోంచి పక్కనుండే లూప్ లైనులోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో లోపాలు జరిగాయని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. అదే డివిజన్‌లో 2022 మే 16న తప్పుడు వైరింగు వల్ల ఇలాంటి పొరపాటే ఇంకో స్టేషన్లో జరిగిందని, అప్పుడే దిద్దుకుని ఉంటే ఈ ప్రమాదం తప్పేదని కూడా నివేదికలో రాశారు.

నిర్లక్ష్యం కొలిచే చోటు ఇదే. 2022 మేలో వచ్చిన ఆ సమాచారం డివిజన్‌లోనే ఆగిందా, జోన్‌కు వెళ్లిందా, రైల్వే బోర్డు దాకా వచ్చిందా? ఎక్కడ ఆగితే అక్కడి మనిషి ముందు జవాబు చెప్పాలి. మంత్రి పేషీ దాకా వచ్చి ఫైలు కదలకపోతే ఆ మంత్రి ఉండకూడదు. హెచ్చరిక పైకి వచ్చే దారే లేకపోతే, ఆ దారి వేయకపోవడం కూడా మంత్రి తప్పే, ముఖ్యంగా రెండోసారి జరిగినప్పుడు.

ప్రశ్న: జైల్లో ఉన్నవాళ్లు పదవుల్లో ఉండొచ్చా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

అరెస్టుతో పదవి పోదు, శిక్షతో పోతుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత. విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీ చేయడానికి వీల్లేదు. అప్పీలు వేసి కొనసాగే వెసులుబాటును 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 8(1)లోని నేరాలకు శిక్ష ఎంతన్నదానితో పనిలేదు. జరిమానా మాత్రమే వేసినా ఆరేళ్ల అనర్హత. అత్యాచారంతో పాటు, భార్యను హింసించడాన్ని నేరంగా చెప్పే పాత ఐపీసీ 498ఎ సెక్షన్ కూడా అందులో ఉంది. ఇంట్లో భార్యను కొట్టడం ‘సొంత విషయం’ అనేవాళ్లకు ఈ నిబంధన చూపించండి.

అరెస్టయినప్పుడు ఏం చేయాలన్నది ఇప్పటిదాకా మనిషి మనస్సాక్షికే వదిలేశారు. 2024 జనవరి 31న హేమంత్ సోరెన్ ఈడీ అరెస్టుకు ముందే జార్ఖండ్ ముఖ్యమంత్రి పదవి వదిలారు. మార్చి 21న అరెస్టయిన ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ జైలు నుంచే కొనసాగి, బెయిలుపై వచ్చాక సెప్టెంబరు 17న రాజీనామా చేశారు. ఐదేళ్లకు తగ్గని శిక్ష పడగల కేసులో వరుసగా 30 రోజులు నిర్బంధంలో ఉంటే మంత్రి పదవి పోయేలా 2025 ఆగస్టు 20న 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టి సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. నేరం రుజువు కాకముందే దర్యాప్తు సంస్థ చేతిలో పదవి తీసే అధికారం పెట్టడం మాకు సమ్మతం కాదు. ఫైళ్లు చూడలేని స్థితిలో ఉన్నవారు శాఖను వేరొకరికి అప్పగించడం మాత్రం కనీస బాధ్యత.

ప్రశ్న: ఆ వీడియో నాకూ వాట్సాప్‌లో వచ్చింది. నలుగురికీ తెలియాలని పంపితే తప్పా? – ఒక పాఠకుడు, అనంతపురం

తప్పే, నేరం కూడా. ఐటీ చట్టం 67 కింద అశ్లీల దృశ్యాలు పంపితే మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా. లైంగిక చర్య ఉంటే 67ఎ కింద ఐదేళ్లు, రూ.10 లక్షలు. అందులోని స్త్రీ పరువు పోవడం వేరే. పైగా వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ నాణ్యత తగ్గి, అసలుదో మార్ఫింగో తేల్చడం కష్టమవుతుంది. సాక్ష్యంగా పనికొచ్చేది మొదట చిత్రీకరించిన ఫోను లేదా మెమరీ కార్డు, దానితో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం. అవి మీ దగ్గర ఉంటే ఫార్మాట్ చేయకుండా పోలీసులకో కోర్టుకో ఇవ్వండి.

ప్రశ్న: పెద్దవాళ్ల సంగతి సరే, మా సర్పంచ్ గ్రామసభే పెట్టడు. ఊళ్లోనే ఉండడు. దించే దారి ఉందా? – కొందరు గ్రామస్థులు, సిద్దిపేట జిల్లా

సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకుంటుంది కాబట్టి వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి దించలేరు. అవిశ్వాసం ఉపసర్పంచ్ మీదే. అయితే విధులు వదిలేసిన సర్పంచ్‌ను నోటీసిచ్చి, సంజాయిషీ విని తొలగించే అధికారం కలెక్టరుకు ఉంది. నిర్ణీత గడువుల్లో గ్రామసభ పెట్టకపోవడం దానికి గట్టి కారణం.

మాటలతో ఇది తేలదు, కాగితాలు కావాలి. పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. గత రెండేళ్ల గ్రామసభల తేదీలు, నోటీసులు, తీర్మానాల పుస్తకంలో సంతకాలున్న పేజీల నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ పారకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నకళ్లు రాగానే సంతకాలు చూడండి. సభ జరగకుండానే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ తేదీన ఊళ్లో లేనివాళ్ల సంతకం, చనిపోయినవాళ్ల సంతకం, వరుసగా ఒకే దస్తూరి కనిపిస్తే ఆ పేజీ నకలుకు ఆధారం జతచేయండి. బస్సు టికెట్టు, ఆసుపత్రి చీటీ, మరణ ధ్రువపత్రం, ఏదైనా సరే. ఫిర్యాదు జిల్లా పంచాయతీ అధికారికి ఒకటి, కలెక్టరేట్‌లో ప్రజావాణి రోజున ఒకటి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే ఆరు నెలల తర్వాత మీరు ఫిర్యాదు ఇచ్చినట్టే ఉండదు.

ప్రశ్న: మా ఎంపీ తప్పు చేశాడని నా దగ్గర ఆధారాలున్నాయి. సామాన్యుడు లోక్‌సభకు ఫిర్యాదు చేయవచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

చేయవచ్చు. లోక్‌సభ నిబంధన 233ఎ ప్రకారం ఎవరైనా స్పీకరు పేర రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, కానీ అది ఒక లోక్‌సభ సభ్యుడి ద్వారా వెళ్లాలి. ఆ సభ్యుడు మీ నియోజకవర్గం వాడే కానక్కరలేదు. ఫిర్యాదు అబద్ధం కాదని, సదుద్దేశంతో చేస్తున్నదని అఫిడవిట్ జతచేయాలి. పేరు రాయాలి, కోరితే గోప్యంగా ఉంచుతారు. భాష మర్యాదగా, విషయానికే పరిమితమై ఉండాలి.

సభకు తన సభ్యుడిని బహిష్కరించే అధికారం కూడా ఉంది. 1951లో హెచ్.జి. ముద్గల్ డబ్బు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు వేశారని తేలింది. బహిష్కరణ తీర్మానం రాబోతుండగా ఆయన రాజీనామా ఇచ్చారు. అయినా ఆయన బహిష్కరణకు అర్హుడేనని సభ తీర్మానం చేసి మరీ చెప్పింది. 2005 డిసెంబరులో ప్రశ్నలకు డబ్బు తీసుకున్న 11 మంది ఎంపీలను రెండు సభలూ ఇంటికి పంపాయి. 2007లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది. బహిష్కరణ పడినవారు మళ్లీ పోటీ చేయకుండా అడ్డేమీ లేదు. 2023 డిసెంబరు 8న బహిష్కరణకు గురైన మహువా మొయిత్రా 2024లో మళ్లీ గెలిచి వచ్చారు.

ఎక్కువ ఫిర్యాదులు బెడిసికొట్టేది రెండు చోట్ల. ఆధారం లేని మీడియా కథనాల మీద మాత్రమే నిలబడిన ఫిర్యాదును, కోర్టులో నడుస్తున్న విషయాన్ని ఈ ఫిర్యాదులు చూసే లోక్‌సభ నైతిక విలువల (ఎథిక్స్) కమిటీ తీసుకోదు. కాబట్టి పేపరు కత్తిరింపులు ఎన్ని ఉన్నా వాటిని చివర పెట్టండి. ముందు పేజీలో తేదీ, చోటు, పత్రం నంబరు, చూసినవారి పేరు రాయండి. అఫిడవిట్‌ను నోటరీ చేయించి, మొత్తం కట్ట ఒక నకలు మీ దగ్గర ఉంచుకున్నాకే ఎంపీ చేతికి ఇవ్వండి.